వేట నిషేధం ముగిశాక ట్యాంకులో మిగిలిన పాత డీజిల్, పెట్రోలును ఏం చేయాలి

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్లకూ ఇంజను పడవలకూ వేట నిషేధం. మైపాడు, ఇస్కపల్లి, తుమ్మలపెంట, జువ్వలదిన్నె, కొత్తపట్నం, పాకల, ఎక్కడ చూసినా ఆ రెండు నెలలూ పడవలు ఒడ్డునే ఉంటాయి. వలలు బాగు చేసుకుంటారు, రంగులు వేసుకుంటారు, ఫ్యాను విప్పి గ్రీజు పెట్టుకుంటారు. ట్యాంకులో మిగిలిన ఇంధనం జోలికి మాత్రం చాలామంది పోరు. ఆఖరి రోజు మూత తీసి పాతదాని మీదే కొత్త డీజిల్ పోసి, తెల్లవారుజామున సెల్ఫ్ కొడతారు. ఒడ్డు దగ్గర బాగానే తిరిగిన ఇంజను, లోపలికి పోయి అలల మీద పడ్డాక దగ్గడం మొదలుపెట్టి ఆగిపోతుంది. అడుగున రెండు నెలలుగా కదలకుండా ఉన్న నీళ్లూ మడ్డీ అప్పుడు లేచి ఫిల్టర్లోకి వస్తాయి.

కాబట్టి మొదటి మాట: ట్యాంకు అడుగు చూడకుండా ఇంజను తిప్పొద్దు. "ఒకసారి స్టార్టు చేసి చూద్దాం, బాగుంటే వదిలేద్దాం" అనుకోవద్దు. ఆ ఒక్కసారికే నీళ్లు పంపులోకి చేరతాయి. డీజిల్ పంపులో లోపలి భాగాల మధ్య సందు వెంట్రుక మందంలో ఎన్నో వంతు. వాటికి డీజిలే నూనె. నీళ్లొస్తే ఆ జారుడు పోయి గీతలు పడతాయి, ఉప్పునీళ్లయితే ఒక్క రాత్రిలో తుప్పు పడుతుంది. ఇంజనులోకి డీజిల్ చిమ్మే నాజిల్ మొనలో నీటి బొట్టు వేడికి ఆవిరై మొననే పగలగొట్టగలదు. అడుగు కడగడానికి ఒక పూట చాలు. పంపు, నాజిళ్లు చెడితే సీజను మొదట్లోనే పడవ ఒడ్డున కూర్చుంటుంది.

నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి

ఎవరూ పోయకపోయినా వస్తాయి. మే నెలలో మన ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. పగలు ట్యాంకులో గాలి వ్యాకోచించి గాలిగొట్టం గుండా బయటికి పోతుంది. రాత్రి చల్లబడగానే సముద్రపు తేమగాలి అదే గొట్టంలోంచి లోపలికి వస్తుంది. ఆ తేమ ట్యాంకు గోడల మీద చెమటలా పట్టి కిందికి జారుతుంది. డీజిల్ లీటరు బరువు కిలో కన్నా తక్కువ, సుమారు 820 నుంచి 845 గ్రాములు. అందుకే నీళ్లు దాని కిందికి పోయి అక్కడే ఉండిపోతాయి. ఇలా 61 రాత్రులు. ట్యాంకు ఎంత ఖాళీగా ఉంటే లోపల అంత గాలి, అంత చెమట. మూత వాషరు అరిగినా, గాలిగొట్టం నోరు పైకి తెరిచి ఉన్నా వాన నీళ్లు తోడవుతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల కాలంలో ఆపిన పడవల్లో ఇది మరీ ఎక్కువ.

నీళ్లు, డీజిల్ కలిసే గీత దగ్గర బూజు, బాక్టీరియా పెరుగుతాయి. అవి నీళ్లలో బతుకుతాయి, డీజిల్‌ని తింటాయి. మనవాళ్లు పాచి అంటారు గానీ ఇది చెరువులో పాచి లాంటిది కాదు, దీనికి వెలుతురు అక్కర్లేదు, మూత బిగించిన చీకట్లోనే పెరుగుతుంది. నల్లగానో గోధుమరంగులోనో జిగురు పొరలా ఉంటుంది. ఫిల్టరు పూడుకుపోవడానికి చాలాసార్లు ఇదే కారణం. పైగా ఇది వదిలే ఆమ్లాలు ఇనప ట్యాంకు అడుగును తినేస్తాయి.

పెట్రోలు సంగతి వేరు. ఇప్పుడు బంకుల్లో దొరికేది ఈ20, అంటే నూటికి ఇరవై పాళ్లు ఇథనాల్. ఇథనాల్ తేమను లాక్కుంటుంది. ఒక హద్దు దాకా ఆ నీటిని తనలోనే దాచుకుంటుంది, బయటికి ఏమీ కనిపించదు. హద్దు దాటగానే నీళ్లూ ఇథనాలూ కలిసి విడిపోయి అడుక్కు దిగుతాయి. పైన మిగిలిన పెట్రోలు ఇథనాల్ పోగొట్టుకుని బలం తగ్గుతుంది. తేలిక భాగాలు ఎండకు ఎగిరిపోయి తాడు ఎంత లాగినా అంటుకోదు. మిగిలింది మెల్లగా జిగురుగా మారి కార్బురేటర్ రంధ్రాలు మూసేస్తుంది.

ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

జూన్ 14న మొదలుపెడితే ఆలస్యం. ఆ వారంలో పాలెంలో మెకానిక్కు దొరకడు, ఫిల్టర్లు దుకాణంలో అయిపోతాయి. కనీసం అయిదు రోజుల ముందు కూర్చోండి. కావాల్సినవి ఇవి: లీటరు పట్టే తెల్ల గాజు సీసాలు రెండు, ఆరడుగుల పారదర్శక గొట్టం ఉన్న చేతి పంపు, మూత బిగుసుకునే శుభ్రమైన క్యాన్లు, సన్నజాలీ ఉన్న గరాటు, మీ ఇంజనుకు సరిపోయే కొత్త ఫిల్టర్లు, వాషర్లు, గొట్టాలకు స్టీలు క్లిప్పులు, పీచు రాలని గుడ్డలు, నూనెకు తట్టుకునే చేతి తొడుగులు, డ్రై పౌడర్ రకం మంటలార్పే సిలిండరు, రెండు బకెట్ల పొడి ఇసుక. తుడవడానికి వేస్టు నూలు వాడొద్దు. దాని పోగులు ట్యాంకులో మిగిలి తర్వాత ఫిల్టర్లోనే తేలతాయి.

బ్యాటరీ తీగలు ముందే తీసేయండి. బీడీ, సిగరెట్టు, పొయ్యి, వెల్డింగు దరిదాపుల్లో ఉండకూడదు. "డీజిలే కదా, అంటుకోదులే" అనే మాట మన ఎండల్లో నిజం కాదు. మన దేశంలో డీజిల్‌కు పెట్టిన కనీస హద్దు ప్రకారం 35 డిగ్రీల దగ్గరే దాని ఆవిరి నిప్పు తగిలితే అంటుకోవచ్చు. మేలో నీడలోనే అంతకు మించి ఉంటుంది. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు, పడవ అడుగున గుంటలో పేరుకుంటుంది, వాసన పైకి రాకపోయినా అక్కడ ఉంటుంది. అందుకే పని తెల్లవారుజామునో సాయంత్రమో పెట్టుకుని, పలకలన్నీ తీసి గాలి ఆడనివ్వండి. పెట్రోలు తోడడానికి కరెంటు మోటారు పంపు వాడొద్దు. గొట్టం నోట్లో పెట్టి పీల్చే అలవాటు మానండి. గుక్కెడు ఇంధనం ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుంది. పొరపాటున మింగితే వాంతి చేయించకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

అడుగు నుంచి నమూనా తీయడం

ఇసుక మీద ఉన్న ఫైబర్ పడవ అయితే ముందు రోజు సాయంత్రమే ముక్కు కింద ఒక దుంగ పెట్టి ఎత్తండి. ట్యాంకులో నీళ్లన్నీ వెనక మూలకు చేరతాయి. రాత్రంతా ఎవరూ పడవను కదపకూడదు. పొద్దున్నే, ఎండ ఎక్కకముందు, పంపు గొట్టాన్ని ఆ వెనక మూలకు, అడుగు తగిలేదాకా దించి మొదటి లీటరు ఒక సీసాలోకి, ట్యాంకు మధ్య ఎత్తు నుంచి రెండో లీటరు ఇంకో సీసాలోకి తీయండి. పెద్ద మరబోటు ట్యాంకుకు కింద డ్రెయిన్ కాక్ ఉంటే మొదటి లీటరు దాన్నుంచే పట్టొచ్చు.

రెండు సీసాలనూ నీడలో రెండు గంటలు కదపకుండా పెట్టండి. తర్వాత తెల్లకాగితం మీద పెన్నుతో నల్లగీత గీసి సీసా వెనక పట్టుకోండి. డీజిల్ గుండా గీత స్పష్టంగా కనిపిస్తే బాగున్నట్టు. మసకగా, పొగమంచులా ఉంటే నీళ్లు సన్నటి బొట్లుగా కలిసి ఉన్నట్టు. అడుగున వేరే పొర ఉంటే అది విడి నీళ్లు. ఆ పొర పైన నల్లని నలకలు, జీళ్లలా సాగే ముద్ద ఉంటే బూజు పట్టినట్టు. బంకు నుంచి అర లీటరు కొత్తది తెచ్చి పక్కన పెట్టుకుంటే రంగు తేడా వెంటనే తెలుస్తుంది. పాతది బాగా ముదురు గోధుమరంగుకు తిరిగి, కొత్తదాని వాసన పోయి పులిసినట్టో వార్నీషులాగో కొడితే అది పాడైందే.

బంకుల్లో కొలకర్రకు రాసే నీటి పేస్టు కూడా పనికొస్తుంది, నీళ్లు తగిలిన మేర రంగు మారుతుంది. పెట్రోలుకు మాత్రం ఇథనాల్ కలిసినదానికి పనికొచ్చే పేస్టే అడగండి. మామూలుది ఆ నీళ్లు-ఇథనాల్ పొరను సరిగా చూపించదు.

చూసిందాన్ని బట్టి తీర్పు

డీజిల్ రెండు సీసాల్లోనూ తేటగా ఉంటే వాడుకోవచ్చు. 61 రోజులు డీజిల్‌కు పెద్ద వయసు కాదు, నీళ్లు లేకపోతే అది పాడవదు. అడుగు లీటరు వేరే క్యానులోకి తీసేసి, ఫిల్టర్లు మార్చి, మీద కొత్తది పోయండి.

అడుగు సీసాలో నీళ్లుండి మధ్య సీసా తేటగా ఉంటే, అడుగు నుంచి లీటరు చొప్పున, తేట డీజిల్ వచ్చేదాకా తీస్తూ పోండి. ఆ తర్వాత ఒక రాత్రి ఆగి మళ్లీ పరీక్షించండి. మొదటిసారి అంతా వచ్చేసిందనుకోవడం తరచూ జరిగే పొరపాటు. ట్యాంకులోని అడ్డపలకల వెనక దాక్కున్న నీళ్లు రాత్రికి మళ్లీ కిందికి దిగుతాయి.

మధ్య సీసా కూడా మసకగా ఉంటే మొత్తం తోడి డ్రమ్ములో పోయాలి. డ్రమ్మును ఒక పక్క ఇటుక పెట్టి వాల్చి, మూత వేసి, నీడలో కనీసం 48 గంటలు తేరనివ్వండి. పై నుంచి తీసుకోండి, ఆఖరి రెండంగుళాలు ముట్టుకోవద్దు. తేరిన తర్వాత కూడా తేటపడకపోతే అది పడవకు పనికిరాదు. తేటపడితే ఒక పాలు పాతదానికి నాలుగు పాళ్లు కొత్తది కలిపి, నీటిని వేరుచేసే ఫిల్టరు గుండా పోయండి. పంచె గుడ్డ మడతపెట్టి వడగడితే నలకలు ఆగుతాయేమో గానీ కలిసిపోయిన నీళ్లు ఆగవు.

బూజు కనిపిస్తే సంగతి పెద్దది. బూజు చంపే మందు కొని ట్యాంకులో పోసి మర్నాడే వేటకు పోతే అంతకన్నా తప్పు లేదు. చచ్చిన బూజంతా గోడలనుంచి ఊడి ఒక్కసారిగా ఫిల్టరు మీద పడుతుంది, ముందుకన్నా ఎక్కువ ఇబ్బంది. ముందు ట్యాంకు ఖాళీ చేసి కడగాలి, కొత్త డీజిల్ పోశాక మందు డబ్బా మీద రాసిన కొలత ప్రకారమే వేయాలి, తర్వాత వారం రోజులు అదనపు ఫిల్టర్లు పడవలో పెట్టుకోవాలి. ఫినాయిలు, బ్లీచింగు లాంటివి వేయొద్దు. స్పిరిటు పోస్తే నీళ్లు కలిసిపోతాయన్న చిట్కా కూడా వద్దు, ఆ నీళ్లు నేరుగా నాజిల్ దాకా పోతాయి.

పెట్రోలులో పొరలు విడిపోయి కనిపిస్తే మొత్తం తీసేయాల్సిందే. "కింది పొర తీసేసి పైది వాడుకుందాం" అంటే, పైన మిగిలింది బలం తగ్గిన పెట్రోలు, ఇంజను కొట్టుకుంటుంది. టూ-స్ట్రోక్ అవుట్‌బోర్డు మోటారుకు (పడవ వెనక బయట తగిలించేది) ఆయిల్ కలిపి ఉంచిన పెట్రోలయితే ప్రమాదం ఇంకా పెద్దది: ఆయిల్ పైపొరలోనే ఉంటుంది, కింది పొరలో ఉండదు. గొట్టం అడుగునుంచే పీలుస్తుంది కాబట్టి ఇంజనుకు ఆయిల్ లేని ద్రవం అందుతుంది, పిస్టన్ పట్టేస్తుంది. పొర విడకుండా, వాసన బాగానే ఉండి, బిగించిన క్యానులో రెండు నెలలే ఉన్నదైతే ఒక పాలుకు నాలుగైదు పాళ్లు కొత్త పెట్రోలు కలిపి వాడొచ్చు. ఆరు నెలలు దాటినదాన్ని పడవలో పోయొద్దు. పాతదాన్లో ఆయిల్ ముందే కలిపి ఉంటే, ఆయిల్ కొలత కొత్త పెట్రోలుకే లెక్క కట్టండి. 50:1 అయితే లీటరుకు 20 మిల్లీలీటర్లు, పది లీటర్లకు 200.

ట్యాంకు కడగడం

చిన్న ట్యాంకు, క్యాను అయితే విప్పి బయటికి తీసి, రెండు లీటర్ల తేట డీజిల్ పోసి, తలకిందులు చేసి బాగా కుదిపి వేరే క్యానులోకి వంపేయండి. నల్లగా రావడం ఆగేదాకా రెండు మూడుసార్లు చేయాలి. పెట్రోలు క్యానుకు పెట్రోలుతోనే, అరలీటరు చాలు. సబ్బునీళ్లతో కడిగితే శుభ్రం అవుతుంది, కానీ ఒక్క చుక్క మిగిలినా మొదటికే వస్తుంది. ఎండలో పూర్తిగా ఆరబెట్టే తీరిక ఉంటేనే ఆ పని పెట్టుకోండి. లోపల తుప్పు పెచ్చులుగా లేస్తుంటే కడిగి లాభం లేదు, ట్యాంకు మార్చాలి.

పెద్ద మరబోటు ట్యాంకుకు పైన మనిషి పట్టేంత మూత ఉంటుంది. అందులోకి దిగొద్దు, తల కూడా పెట్టొద్దు. లోపల ఊపిరికి చాలినంత గాలి ఉండదు, ఆవిరి ఉంటుంది, దిగినవాడు కూలిపోతే కాపాడబోయినవాడూ కూలిపోతాడు. పొడుగు కర్రకు గుడ్డ కట్టి పైనుంచే తుడవండి, లేదా ఆ పని తెలిసి, గాలి పరీక్షించే పరికరాలున్నవాళ్లను పిలవండి. లోపల చూడడానికి మామూలు బల్బు దించొద్దు. ట్యాంకుకు చిల్లు కనిపిస్తే ఉన్నచోటే వెల్డింగు పెట్టించడం ఇంకా ఘోరం. ఖాళీ ట్యాంకులో మిగిలిన ఆవిరి బాంబులా పేలుతుంది.

గొట్టాలు, ఫిల్టర్లు, కార్బురేటర్

ఇథనాల్ పాత రబ్బరును మెత్తబరుస్తుంది, ఎండ దాన్ని గట్టిపరుస్తుంది. ప్రతి గొట్టాన్నీ వేలి మీద మడిచి చూడండి. పగుళ్లు కనిపించినా, వేలికి నలుపు అంటుకున్నా మార్చేయండి. అవుట్‌బోర్డు మోటారు గొట్టంలో నొక్కే బల్బును నాలుగైదుసార్లు నొక్కితే గట్టిపడి అలాగే నిలవాలి. మళ్లీ మెత్తబడితే ఎక్కడో గాలి పీలుస్తోంది.

కార్బురేటర్ గిన్నె అడుగున ఉన్న స్క్రూ తిప్పి పాతది ఒక గ్లాసులోకి దించండి. పసుపు జిగురు, తెల్లపొడి వస్తే గిన్నె విప్పి, కార్బురేటర్ క్లీనర్‌తో జెట్లు కడిగి గాలి కొట్టాలి. ఇనప తీగతో పొడవొద్దు. రంధ్రం ఏమాత్రం పెద్దదైనా ఇంజను పెట్రోలు తాగడం మొదలుపెడుతుంది. నైలాను పోగు చాలు.

డీజిల్ ఇంజనుకు నీటిని పట్టే గిన్నె దించి కడిగి, రెండు ఫిల్టర్లూ, వాటి రబ్బరు వాషర్లూ కొత్తవి వేయండి. పాత వాషరు మళ్లీ వేయడం వల్లే గాలి పట్టేది. తర్వాత ఎయిర్ తీయాలి: ఫిల్టరు పైనున్న స్క్రూ వదులు చేసి, ఫీడ్ పంపు మీట చేత్తో కొడుతూ ఉండండి. బుడగలు పోయి నిండుగా డీజిల్ వచ్చాక బిగించండి. అదేవిధంగా, నాజిళ్లకు డీజిల్ తోసే పెద్ద పంపు స్క్రూ దగ్గరా చేయండి. అప్పటికీ అంటుకోకపోతే నాజిల్ గొట్టాల నట్లు ఒక చుట్టు వదులు చేసి ఇంజను తిప్పి, డీజిల్ చిమ్మగానే బిగించండి. ఆ చిమ్మే ధారకు చెయ్యి అడ్డం పెట్టొద్దు, చర్మంలోకి దిగుతుంది. కామన్ రైల్ ఇంజనైతే (ఒకే గొట్టం నుంచి నాజిళ్లన్నిటికీ చాలా ఎక్కువ ఒత్తిడితో డీజిల్ అందే రకం) ఆ నట్లు అసలు ముట్టుకోవద్దు, మెకానిక్కు చేతికే వదలండి.

మొదటిసారి తిప్పడం

మొదటి అరగంట పెద్ద ట్యాంకు నుంచి కాకుండా అయిదు లీటర్ల కొత్త క్యాను నుంచే నడపండి. అలా చేస్తే తేడా వచ్చినప్పుడు తప్పు ఇంజనుదా, ట్యాంకుదా అన్నది తేలిపోతుంది. నీళ్లతో చల్లబడే ఇంజనైతే నీటి సరఫరా పెట్టకుండా తిప్పొద్దు. అవుట్‌బోర్డును నీళ్ల డ్రమ్ములో దించి తిప్పొచ్చు. పావుగంట నిదానంగా, తర్వాత కొంచెం పెంచి. మొదట కాసేపు తెల్లపొగ రావడం మామూలే. వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగక, శబ్దం తడబడుతుంటే ఇంకా నీళ్లున్నట్టు, ఆపేయండి.

ఆ తర్వాత ట్యాంకుకు కలిపి ఇంకో అరగంట. అప్పుడు నీటి గిన్నె విప్పి చూడండి. అందులో ఏమీ లేకపోతే పడవను వాగులోనో ఒడ్డు దగ్గరో, అలల మీద ఊగేలా గంటసేపు తిప్పండి. ఊపు లేకుండా అడుగు మడ్డి బయటపడదు. మళ్లీ గిన్నె చూడండి. ఈ రెండోసారి చూశాకే మొగ, అంటే వాగు సముద్రంలో కలిసేచోటు, దాటండి. మొగలో అలలు విరిగేచోట ఇంజను ఆగితే మనుషుల ప్రాణాలకే ముప్పు. ఆ వారం ప్రతి ట్రిప్పు తర్వాతా గిన్నె చూసుకోండి, ఒక జత ఫిల్టర్లూ వాటికి సరిపోయే పానా పడవలోనే ఉంచండి.

తీసేసిన పాతదాన్ని ఎక్కడ వదలాలి

ఇసుకలో, ఉప్పుటేరులో, సముద్రంలో పోయొద్దు. ఆ వాగుల్లోంచే రొయ్యల చెరువులకు నీళ్లు తోడతారు, ఆ మొగల్లోనే పిల్లచేప పెరుగుతుంది. పొయ్యి రాజేయడానికో స్టవ్వులోకో వాడొద్దు. కిరసనాయిల్ స్టవ్వులో పెట్రోలు ఛాయ తగిలినా పేలుతుంది. పాడైన డీజిల్, పెట్రోలు వేరు వేరు క్యాన్లలో పోసి, మీద పేరు రాసి, వాడిన ఇంజనాయిల్, నూనె వ్యర్థాలు తీసుకునేందుకు కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉన్నవాళ్లకే ఇవ్వండి. చాలా పడవలకు కొద్ది లీటర్లే ఉంటుంది కాబట్టి పాలెం అంతా ఒక డ్రమ్ములో చేర్చి ఒకేసారి పంపితే తేలిక. నూనె గుడ్డలను కుప్పగా పోయకుండా ఆరేసి, మూత ఉన్న డబ్బాలో వేయండి.

వచ్చే ఏప్రిల్ 14న

పడవ ఒడ్డెక్కేముందు డీజిల్ ట్యాంకు అడుగు నీళ్లు దించి, ట్యాంకును నూటికి 95 వంతులు నింపండి. లోపల గాలి తక్కువైతే చెమట తక్కువ. మొత్తం నింపకపోవడానికి కారణం ఎండ: 200 లీటర్ల డీజిల్ 20 డిగ్రీలు వేడెక్కితే మూడు లీటర్లకు పైగా పెరుగుతుంది, చోటు లేకపోతే పొంగి పడవలోకే వస్తుంది. నింపే స్తోమత లేకపోతే సగం ట్యాంకు వదలడం కన్నా పూర్తిగా ఖాళీ చేసి ఆరబెట్టడం మేలు. పెట్రోలు మాత్రం ఎప్పుడూ నిల్వ పెట్టొద్దు. ట్యాంకు గొట్టం తీసి, కార్బురేటర్‌లో మిగిలింది అయిపోయి ఆగేదాకా ఇంజను తిప్పండి, గిన్నె స్క్రూ తీసి మిగతాదీ దించండి. మూత వాషరు మార్చండి. గాలిగొట్టాన్ని మూసేయకండి, నోరు కిందికి వంగి ఉండేలా తిప్పి, సన్నజాలీ కట్టండి. డీజిల్ క్యాన్ల మీద పోసిన తేదీ ఆయిల్ పెయింటుతో రాయండి, సుద్దముక్క రాత రెండు నెలల ఎండకు నిలవదు.